సిమెంటు పాలు

వటవర్లపల్లి దాటినంక మూడో మలుపు.
రోడ్డు వెడల్పు జేస్తమని
పోయినేడు గుట్ట పాదం నరికిన్రు.
మొదటి పెద్దవానకే
పైన, తునికి చెట్ల నడుమ, సన్నటి బీట.
చెయ్యి పెడితే మణికట్టుదాక పోయింది.

"కాలు నరికి నిలబడుమంటే
ఎవలు నిలబడ్తరు?" అన్నడు కుర్మయ్య.
ఆయన నోట మట్టిని తిట్టంగ
నేనెన్నడూ ఇనలే.

నాది సిమెంటు పాలు కలిపే పని.
బస్తాకు ఇరవై రెండు లీటర్ల నీళ్లు.
గడ్డ కట్టొద్దు, పలచన గావొద్దు.
"ఈదమ్మా, బాలింత పాలోలె ఉండాలె" అంటడు.
బాలింతగనే పనికొచ్చిన దినాలు
నాకు యాదికొస్తయని ఆయనకు తెల్వది.

కంప్రెసర్ మొత్తుకుంటనే ఉంటది.
గుట్టలకు డ్రిల్లు దిగుతుంటే
వచ్చే దుమ్మును కుర్మయ్య చదువుతడు.
ఎర్రగొస్తే మొరం.
జిగటగొస్తే సుద్ద. "దొంగ దొరికిండు" అంటడు.
తెల్లగ, నిప్పురాయి వాసనతోని వస్తే
బండ తగిలినట్టు.
ఆడికెల్లి ఇంకో అయిదు మీటర్లు.

దేవరకొండ పిల్ల, ఇంజినీరు నుజహత్
సిమెంటు బస్తా చింపి
బొగ్గుతోని ఒక వంకర గీత గీసింది.
"దీనికి ఇవతలిదంతా పోయేది.
అవతలిదే ఉండేది.
పోయేదాన్ని ఉండేదానికి కట్టుడే మన పని."

రాడుకు ఇవతలి ఏడు మీటర్లు
ప్లాస్టిక్ గొట్టం తొడిగినం.
ఆడ అది దేన్నీ పట్టుకోదు,
కదిలే మన్ను నడుమకెల్లి
ఎవలతోని మాట్లాడకుంట పోయి
లోపల బండను పట్టుకుంటది.
నాకు సమజ్ కాలే.
పట్టుకునేదానికి గింత దూరం పట్టు లేకుంటెందుకు?
"సాగనీకి" అన్నది.
"సాగనిది గుంజలేదు."

ఏడు దినాలు ఆరబెట్టి జాకీ తగిలించిన్రు.
ఇరవై టన్నులు మోసేదాన్ని
ముప్పైకి గుంజి, పది నిమిషాలు.
అందరం మీటరు ముల్లు దిక్కు చూస్తున్నం.
కుర్మయ్య చేతుల బీడీ ఉన్నది, ముట్టియ్యలే.

పుణె దగ్గర పైపులైను కందకం అంట,
ఇరవై అడుగుల లోతు,
పక్కలకు ఒక్క చెక్క ఆసరా లేదు,
లోపల తమ్ముడు ఆశన్న.
ఇది ఆనాడు చెప్పలే. శానా దినాలకు,
సద్ది తినుకుంట, ఉల్లిగడ్డ కొరికి చెప్పిండు:
"మీద పడ్డదాన్ని తియ్యనీకి పన్నెండుమందిమి.
పడకుంట ఆపనీకి
ఒక్కలం లేకుంటిమి."

ముల్లు కొద్దిగ వెనక్కొచ్చి ఆగింది.
"అర మిల్లీమీటరు" అన్నది నుజహత్.
నట్టు బిగించిన్రు.

నీళ్లకు వేరే తొవ్వ.
వాటి బొక్కలు కొంచెం పైకి వంచి కొట్టాలె,
గుట్ట లోపలిది బయటికి కారనీకి.
"ఏడ్వనియ్యకపోతే
ఎంత ఇనుము పెట్టినా ఆగది."
ఇది ఎవలన్నరో ఇప్పుడు యాదికి లేదు.

నలభై రెండు రాడ్లు.
మూడో వరస పక్కన, పచ్చి సిమెంటు మీద,
కుర్మయ్య మొలతోని ఒక అక్షరం గీసిండు.
ఆయనకొచ్చేది అదొక్కటే: ఆ.
మరుసటి దినం రెండో పూత
ఆయనే కొట్టిండు దానిమీద.

మిరుగునాడు రాత్రంత వాన.
తెల్లారి ఇద్దరం పోయినం.
శ్రీశైలం బస్సు మలుపు తిరిగింది,
కిటికీలకు తలలానిచ్చి నిద్రపోతున్నరు మంది.
గోడ గొట్టాలకెల్లి నీళ్లు దుంకుతున్నయ్.
కుర్మయ్య దోసిలి పట్టి
వెలుతురుకు ఎత్తి చూసిండు.

తేటగున్నయ్.
మన్ను రాలే.